బిళ్ళను కళ్ళతో చూసిన యంత్రం

మా బాబాయిది బస్టాండు ఎదురుగా టీకొట్టు. నీటికాసులు వచ్చి చూపు మసకబారాక కూడా కొట్టు మూయలేదాయన. పాలు పొంగుకొచ్చేది చప్పుడుతో తెలుస్తుంది, డికాక్షన్ దిగిందో లేదో వాసనతో తెలుస్తుంది. చిల్లర మాత్రం వేళ్ళతోనే. గల్లాపెట్టెలో మూడు రేకు డబ్బాలుండేవి. అర్ధ రూపాయిలకొకటి, రూపాయిలకొకటి, రెండు రూపాయల బిళ్ళలకొకటి. చేతికొచ్చిన బిళ్ళ అంచును బొటనవేలితో ఒక చుట్టు తడిమి, అరచేతిలో ఒక్కసారి ఎగరేసి, టక్కున దాని డబ్బాలో పడేసేవాడు. పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ళయితే ఎగరేసే పని కూడా ఉండేది కాదు.

2011 తర్వాత ఆ వేళ్ళు తడబడ్డాయి. ఓ సంక్రాంతి సెలవుల్లో కొట్టు దగ్గర కూర్చుని ఉంటే, నా వైపు చెయ్యి చాపి అడిగాడు.

"ఒరేయ్, ఇందులో రూపాయేది, రెండేది?"

అరచేతిలో రెండు బిళ్ళలు. ఒకటి 1990ల నాటి రూపాయి, రెండోది కొత్తగా వచ్చిన రెండు రూపాయలు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది. ఇంటికెళ్ళి లెక్కలు తీశాను. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి అడ్డకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011లో మన రూపాయి గుర్తు వేసుకుని వచ్చిన రెండు రూపాయల బిళ్ళ అడ్డకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. లోహం కూడా ఆ స్టీలే. ఇంకో జత కూడా అంతే. పాత స్టీలు అర్ధ రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 2011 నాటి రూపాయి కూడా సరిగ్గా 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. కొలతబద్దకీ త్రాసుకీ అయస్కాంతానికీ ఈ జతల్లో తేడా తెలియదు. విలువ మాత్రం రెట్టింపు. తేడా అంతా మొహం మీది ముద్రలోనే ఉంది. దాన్ని చూడాలి. చూడటమే మా బాబాయి చేయలేని పని.

నేను బతుకుతెరువుకి చేసేది కెమెరా బొమ్మల్ని కంప్యూటర్ చేత చదివించే పని. కాబట్టి ఈ విషయం నన్ను వదల్లేదు. నాణేన్ని గుర్తుపట్టే యంత్రాలు కొత్తవేమీ కావు, దాదాపు రెండు వేల ఏళ్ళ నుంచి ఉన్నాయి. ఆ రెండు వేల ఏళ్ళలో దాదాపు అంతకాలమూ అవి మా బాబాయి లాగే, తడిమీ తూచీ పని నడిపాయి. మనిషి నాణేన్ని అందుకోగానే మొదట చేసే పని, దాని మొహం చూడటం, యంత్రానికి అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

మొదటి యంత్రం గుడిలోనే పుట్టింది. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే గ్రీకు గణితవేత్త ఉండేవాడు. గుడికొచ్చిన భక్తులు పెట్టె కన్నంలో అయిదు ద్రాక్మాల నాణెం వేస్తే తీర్థంలా కాసిని నీళ్ళు వచ్చే ఏర్పాటు గురించి ఆయన రాశాడు. లోపల ఒక తులాదండం. నాణెం ఒక కొస మీదున్న పళ్ళెంలో పడుతుంది, బరువుకి ఆ కొస దిగుతుంది, రెండో కొస మూత లేపుతుంది, నీళ్ళు కారతాయి. వాలిన పళ్ళెం మీంచి నాణెం జారిపోగానే మూత పడుతుంది. చాలా తెలివైన పని. కానీ ఆ పెట్టెకి తెలిసింది ఒక్క బరువే. అంతే బరువున్న రాతి ముక్క వేసినా అది తీర్థం ఇచ్చి తీరుతుంది.

తర్వాత వచ్చినవన్నీ ఈ బాటకి చేర్పులే. చిల్లర వేరుచేసే యంత్రమంటే చాలాకాలం జల్లెడే. వాలుగా దొర్లే దారి, చిన్న కన్నం ముందు, పెద్ద కన్నం వెనక, ఎవరి కన్నంలో వాళ్ళు పడతారు. అమ్మకపు పెట్టెల్లో ఇనుప బిళ్ళల్ని పట్టేయడానికి అయస్కాంతం పెట్టారు. తర్వాత తీగచుట్ట మధ్యగా నాణేన్ని పోనిచ్చి, లోహం విద్యుత్తుని ఎలా కదిలిస్తుందో కొలిచి రాగి మిశ్రమమో స్టీలో తేల్చారు. పావలా ముక్కంత ఖర్చుతో, కన్ను మూసి తెరిచేలోగా పని ముగుస్తుంది. ఇంత బాగా నడిచేదాన్ని వదిలి బొమ్మ చూడాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. అన్ని దేశాల చిల్లరా ఒకేచోట పడే తిరుమల హుండీ లాంటి చోట్ల మాత్రం చూపుతోనే పని. ఆ కానుకలు లెక్కపెట్టే పరకామణిలో కూర్చున్నవాళ్ళు కళ్ళతో చూసి, చేతులతో వేరుచేస్తూ వచ్చారు.

చూడక తప్పని అవసరం తూర్పున వచ్చింది, 1982లో.

ఆ ఏడు జపాన్ 500 యెన్‌ల నాణెం విడుదల చేసింది. రాగి, నికెల్ మిశ్రమం, 26.5 మిల్లీమీటర్లు, 7.2 గ్రాములు. సరిగ్గా ఆ ఏడాదే పక్కనున్న దక్షిణ కొరియా 500 వొన్‌ల నాణెం తెచ్చింది. అదే మిశ్రమం, అదే 26.5 మిల్లీమీటర్లు. బరువు మాత్రం అర గ్రాము ఎక్కువ, 7.7 గ్రాములు. ఒకదాని మీద పౌలోనియా పువ్వు, రెండోదాని మీద రెక్కలు చాచిన కొంగ. చంటిపిల్లలు కూడా తికమకపడరు. కానీ అమ్మకపు పెట్టెకి పువ్వూ తెలియదు, కొంగా తెలియదు. 1990ల చివరికొచ్చేసరికి 500 వొన్‌ల విలువ 500 యెన్‌లలో దాదాపు పదో వంతు. మోసగాళ్ళు కొరియా నాణెం మీద డ్రిల్లుతో చిన్న గుంట తొలిచి, ఆ అర గ్రాము తీసేసి, జపాన్ పెట్టెల్లో వేశారు. ఏమీ కొనకుండానే మీట నొక్కి డబ్బు వెనక్కి అడిగితే, కొన్ని పెట్టెలు వేసిన నాణేన్ని కాక లోపలున్న అసలు 500 యెన్‌ల నాణేన్ని ఇచ్చేవి. చివరికి 2000లో జపాన్ ఆ నాణెం లోహాన్నే మార్చి, అంచు గాట్లని ఏటవాలుగా కోసి కొత్తది తేవాల్సి వచ్చింది. 2021లో రెండు రంగుల లోహంతో మళ్ళీ మార్చింది.

ఈ రెండు నాణేలే ఒక పరిశోధన పత్రానికి ముడిసరుకయ్యాయి. 1992లో మినోరు ఫుకుమి, సిగేరు ఒమాటు, ఫుమియాకి టకేడా, తోషిహిసా కొసాకా అనే నలుగురు, 500 యెన్‌లనీ 500 వొన్‌లనీ బొమ్మ చూసి వేరుచేసే న్యూరల్ నెట్‌వర్క్‌ని, అంటే ఉదాహరణలు చూసి పొరలు పొరలుగా నేర్చుకునే ప్రోగ్రాంని, ప్రకటించారు. ఈ రంగంలో పాత పత్రాలు వెతుక్కుంటూ వెళితే దారి అక్కడికి చేరుతుంది. దాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మా బాబాయి అరచెయ్యే గుర్తొచ్చింది. ఒకే కొలత, ఒకే లోహం, వేరు వేరు మొహాలు. సమస్య అచ్చంగా అదే.

వాళ్ళు తలపడిన చిక్కేమిటంటే, నాణేనికి పైవైపు అంటూ ఉండదు. అక్షరం కాయితం మీద నిటారుగా నిలబడుతుంది, మనిషి మొహం ఫొటోలో నుదురు పైకీ గడ్డం కిందికీ ఉంటుంది. నాణెం మాత్రం ఎటు తిరిగి పడాలనుకుంటే అటు పడుతుంది. బొమ్మో బొరుసో ఒక ప్రశ్న, పడ్డ మొహం ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందనేది ఇంకో ప్రశ్న. మన కంటికి ఇది లెక్కే కాదు. కంప్యూటర్‌కి బొమ్మంటే గళ్ళలో నింపిన అంకెలు, అంతే. నాణెం పది డిగ్రీలు తిరిగితే దాదాపు ప్రతి గడిలోని అంకే మారిపోతుంది. దానికది మరో నాణెం.

ఆ నలుగురూ చేసిన ఉపాయం ఇది. నేర్చుకునే పొరలకి ముందు, నేర్చుకోవడం అక్కర్లేని ఒక స్థిరమైన పొర పెట్టారు. నాణేన్ని ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలుగానూ, వలయాల్ని ముక్కలుగానూ చేశారు. ఒక్కో ముక్కని ఒకే తూనికలతో అన్ని కోణాల్లోనూ తిప్పి చూసి, వచ్చినవన్నీ కూడేశారు. నాణెం ఎటు తిరిగి పడ్డా కూడికలో అంకెలు చోట్లు మార్చుకుంటాయి తప్ప మొత్తం మారదు. ఆ మొత్తాలే తర్వాతి పొరలకి అందుతాయి. గుండ్రంగా కూర్చున్నవాళ్ళకి ప్రసాదం పంచేవాడు ఎవరి దగ్గర మొదలుపెట్టినా ఖాళీ అయ్యే గిన్నెలన్నే కదా, అదీ లెక్క.

దీనికి చుట్టమైన మరో ఉపాయం ఈ రంగంలో చాలా వ్యాపించింది. నాకు అదే ఎక్కువ ఇష్టం. నాణేన్ని నడిమధ్య నుంచి అంచు దాకా ఒక్క గీత కోసి, గాజుని తెంచి సాగదీసినట్టు, చాపలా పరిచేయండి. మధ్యనున్నది చాప కింది అంచవుతుంది, నాణెం అంచున చుట్టూ ఉన్న అక్షరాలు పై అంచు పొడవునా వరస తీరతాయి. ఇప్పుడు నాణేన్ని తిప్పడమంటే చాపని పక్కకి జరపడమే. తిరుగుడు కాస్తా జారుడైపోయింది. రెండు చాపల్ని ఒకదాని మీద ఒకటి జారుస్తూ ఎక్కడ నమూనాలు సరిపోతాయో వెతకడం కంప్యూటర్‌కి బాగా వచ్చిన పని. ఫూరియే గణితంతో ఆ వెతుకులాటంతా ఒక్క దెబ్బలో తేలిపోతుంది. అయితే చాప పరవాలంటే ముందు నడిమధ్య ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవాలి. దానికీ ఒక పాత సాధనం సిద్ధంగా ఉంది. బుడగల పెట్టెల్లో అణుకణాల జాడలు వెతకడానికి పాల్ హఫ్ కనిపెట్టి, 1962లో పేటెంట్ పొందిన పద్ధతి అది. దాన్ని 1972లో డూడా, హార్ట్ అనే ఇద్దరు వంపులకి కూడా పనికొచ్చేలా సానబట్టారు. అంచు మీది ప్రతి చుక్కా తన మధ్యబిందువు ఎక్కడుండొచ్చో ఓటు వేస్తుంది. ఎక్కువ ఓట్లు పడ్డచోటే కేంద్రం.

జపాన్‌లో రెండు నాణేల మధ్య తగువు. యూరప్‌కి వచ్చేసరికి అది వందల నాణేల సంత అయ్యింది.

2002 జనవరి 1న 12 దేశాల్లో యూరో చేతికొచ్చింది. మార్కులు, ఫ్రాంకులు, లీరాలు, షిల్లింగులు, పెసెటాలు, ద్రాక్మాలు, గిల్డర్లు, ఎస్కుడోలు, అన్నీ ఒక్కసారిగా పాతవైపోయాయి. ఇళ్ళలో సొరుగుల అడుగున, కోటు జేబుల్లో, పిల్లల ముంతల్లో మిగిలిన చిల్లరని జనం దానధర్మాల సంస్థలకి ఇచ్చేశారు. టన్నుల కొద్దీ నాణేలు, అన్ని దేశాలవీ కలగాపులగంగా. ఏ దేశపు నాణేన్ని ఆ దేశపు బ్యాంకుకి పంపితేనే డబ్బు వస్తుంది. జల్లెడ ఇక్కడ చేతులెత్తేసింది. వందల రకాల్లో ఒకే కొలతవి లెక్కలేనన్ని తగులుతాయి.

వియన్నాకి దగ్గర్లో సైబర్స్‌డార్ఫ్ అనే ఊళ్ళో ఉన్న ఆస్ట్రియా పరిశోధన కేంద్రం ఈ పని ఎత్తుకుంది. మిఖాయెల్ న్యోలే, ఆయన తోటివాళ్ళూ తయారుచేసిన యంత్రానికి డాగోబెర్ట్ అని పేరు పెట్టారు. డబ్బు కొట్లో నాణేల గుట్టల మీద ఈదులాడే డిస్నీ ముసలి బాతు, మన పిల్లలకి తెలిసిన స్క్రూజ్, జర్మన్ పిల్లలకి డాగోబెర్టే. ఈ యంత్రం గురించి 2003లో పత్రం వచ్చింది. 30కి పైగా దేశాల నాణేలు దీని పరిధి. నాణెం పట్టీ మీద పరుగెడుతూ వస్తుంది, అడ్డకొలతా మందమూ ముందే కొలుస్తారు, కెమెరా బొమ్మ తీస్తుంది. కొలతలతోనే చాలా రకాల్ని పక్కన పెట్టేసి, మిగిలిన కొద్దిపాటి అభ్యర్థులతోనే బొమ్మని పోలుస్తారు. పాత విద్యని తోసిపుచ్చలేదు వీళ్ళు. తడిమి చెప్పగలిగింది తడిమే చెప్పి, తడిమితే తేలనిదానికే చూపుని ఖర్చుపెట్టారు. ఇంజనీరుకి ఉండాల్సిన పొదుపు అది, నాకు ఎంతో నచ్చిన సంగతి.

ఆ యంత్రం తీసిన బొమ్మల నుంచి ఒక పెద్ద భండారం తయారైంది. 692 రకాల నాణేలు, వాటి మొహాలు 2,270. ఒకే విలువ నాణెం మీద ఏళ్ళు మారితే బొమ్మ మారుతుంది కాబట్టి మొహాలు అన్ని. 2006లో బెర్లిన్‌లో వీటి మీద పోటీ పెట్టారు. ఎవరి ప్రోగ్రాం ఎక్కువ నాణేల్ని సరిగ్గా చెబుతుందో చూద్దామని. ఫ్రైబర్గ్ నుంచి రైజర్ట్, రోనెబర్గర్, బుర్ఖార్ట్ అనే ముగ్గురు ఒక మంచి మాట పట్టుకొచ్చారు. నాణెం మీద గీతలు ఎంత మెరుస్తున్నాయన్నది నమ్మదగ్గది కాదు, దీపాన్ని బట్టి, మురికిని బట్టి మారుతుంది. గీత ఏ దిక్కుకి వాలి ఉందన్నది మాత్రం మారదు. కాబట్టి వెలుగుని వదిలేసి దిక్కుల్నే పోల్చారు. మాస్ట్రిక్ట్ నుంచి వచ్చిన కాయిన్-ఓ-మ్యాటిక్ అనే మరో ప్రోగ్రాం అంచుగీతల చుక్కలు కేంద్రానికి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉన్నాయో లెక్కగట్టి పోల్చుకునేది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు లారెన్స్ వాన్ డెర్ మాటెన్. రెండేళ్ళ తర్వాత, 2008లో, జెఫ్రీ హింటన్‌తో కలిసి టి-ఎస్‌ఎన్‌ఇ అనే పద్ధతిని ఇచ్చింది ఈయనే. ఇవాళ కంప్యూటర్ లోపల పోగుపడిన రాశుల్ని మనిషి కంటికి కనపడే పటంగా గీయడానికి ప్రపంచమంతటా దాన్ని వాడతారు. అంతటి చెయ్యి కుర్రతనంలో చిల్లర నాణేల మీద సాధన చేసిందంటే నాకు భలే సంతోషం.

టంకశాల యంత్రంలో గుద్దిన నాణేలకి ఇంతవరకూ సరే. చేత్తో, సుత్తితో కొట్టిన పాత నాణేల దగ్గర ఈ విద్యలన్నీ మోకరిల్లాయి. అచ్చు పక్కకి జరిగి సగం బొమ్మే పడి ఉంటుంది, అంచు గుండ్రంగా ఉండదు, కేంద్రమే లేనప్పుడు చాప ఎక్కడ పరుస్తాం? వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ కాంపెల్, సెబాస్టియన్ జాంబనీని వంటివాళ్ళు రోమన్ నాణేల మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు. దొంగిలించిన నాణేల అంగళ్ళు ఇంటర్నెట్‌లో పెరిగిపోయిన కాలం అది. పోయిన నాణెం ఎక్కడో అమ్మకానికి పెడితే పట్టుకోవాలన్న లక్ష్యంతో 2007లో యూరప్ సమాఖ్య డబ్బుతో ఒక ప్రాజెక్టే నడిచింది. ఇక్కడ చిత్రంగా సమస్య తిరగబడింది. యంత్రపు నాణేల్లో ఒకే రకానివన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే రకం చెప్పడమే పని. సుత్తి నాణేల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే పోయిన ఆ ఒక్క నాణెం ఇదేనా అని, మనిషి వేలిముద్రలాగా, అంచు ఆకారాన్ని బట్టి తేల్చొచ్చు.

అచ్చుల సంగతి కూడా చెప్పాలి. చేత్తో చెక్కిన అచ్చులో ఒక గీత వంకర పోయినా, చిన్న పగులు వచ్చినా, దానితో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ వంకరా ఆ పగులూ ఉంటాయి. రెండు నాణేలు ఒకే అచ్చువని తేలితే ఒకే టంకశాలవని తెలుస్తుంది. మొత్తం ఎన్ని అచ్చులు వాడారో తెలిస్తే ఆ రాజు ఎంత డబ్బు కొట్టించాడో అంచనా వస్తుంది. చరిత్రకారులు భూతద్దం పట్టుకుని ప్రతి నాణేన్నీ ప్రతి నాణెంతో పోలుస్తూ చేసే పని ఇది, కళ్ళు పోయే పని. దీన్ని కంప్యూటర్‌కి అప్పగించే ప్రయత్నాలు ఈమధ్యే ఊపందుకున్నాయి. 2012లో జెర్సీ దీవిలో ఒకేచోట దొరికిన దాదాపు 70,000 కెల్టిక్ నాణేల్ని జర్మనీలోని పరిశోధకులు ఇలాగే కంప్యూటర్ చేత జల్లెడ పట్టించారు.

మనకీ ఉంది అలాంటి నిధి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో, బౌద్ధస్తూపం ఉన్న గుట్ట మీద, పురావస్తుశాఖ తవ్వకాల్లో ఒక చిన్న కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక్కోటీ సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివని నిర్ధారించారు. అన్నీ ఒకే రకం కాబట్టి రకం చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఏ ఏనుగు ఏ అచ్చులోంచి వచ్చిందన్నదే ప్రశ్న. ప్రతి నాణేన్నీ మిగతా ప్రతి నాణెంతో పోల్చాలంటే 69,54,585 జతలు చూడాలి. మనిషి జీవితం చాలదు. మంచి ఫొటోలుంటే కంప్యూటర్‌కి అది పెద్ద పని కాదు. ఆ కుండలోని ఏనుగుల తొండాలు కెమెరా కింద వరసగా నిలబడే రోజు కోసం నేను ఆశగా చూస్తున్నాను.

మంచి ఫొటో అన్నాను. ఈ కథలో నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది ఆ మాటే.

బాబాయి కోసం ఏదో ఒకటి చేద్దామని కూర్చున్నాను. కళ్ళు లేనివాళ్ళు నోట్లు గుర్తించడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే ఫోన్ యాప్ తెచ్చింది. అది నోట్లకే, నాణేలకి కాదు. 2012లో ఇందాకటి హింటన్ శిష్యుల నెట్‌వర్క్ బొమ్మల్ని గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో గెలిచాక లోతైన నెట్‌వర్కులు అందరి చేతికీ వచ్చాయి, వలయాలూ చాపలూ మనం చెక్కనక్కర్లేదు, ఫొటోలు చూపిస్తే అవే నేర్చుకుంటాయి. పనేం కష్టం అనుకున్నాను. ఇంట్లో చిల్లరంతా పోగేసి, వంటింటి బల్ల మీద పరిచి, నెత్తిమీద ట్యూబులైటు కింద ఫోన్‌తో ఫొటోలు తీశాను. నేర్పాను. పరీక్షిస్తే పాత రూపాయిని రెండంటుంది, రెండుని రూపాయంటుంది. ఫొటోలు పెద్దవి చేసి చూస్తే తప్పెవరిదో తెలిసింది. స్టీలు నాణెం చిన్న అద్దం. అందులో ముద్రలోని కంకి లేదు, అంకె లేదు, మా ట్యూబులైటు ఉంది. ఒక తెల్లటి పట్టీ, దాని పక్కన నా ఫోన్ నీడ. నా ప్రోగ్రాం నాణేల్ని కాదు, మా వంటింటి కప్పుని నేర్చుకుంది.

దీపం ఆర్పేసి, టార్చిలైటుని బల్లకి ఆనించి పక్క నుంచి వేశాను. చీకట్లో గుడి గోడ పక్కన దీపం పెడితే శాసనం అక్షరాలు లేచి కనపడతాయి చూడండి, అలా లేచింది ముద్ర. నున్నటి నేల నల్లబడింది, ఎత్తుగా ఉన్న గీతల అంచులు మాత్రమే తెల్లగా వెలిగాయి. కానీ ఒకే పక్క నుంచి వెలుగు పడటంతో నాణెం తిప్పితే వెలిగే గీతలు మారిపోతున్నాయి. ఒక తీరున పెడితే 1 కనపడుతుంది, తిప్పితే మాయం. నాణేలు చదివే యంత్రాల్లో కెమెరా చుట్టూ గుండ్రటి దీపం ఎందుకు పెడతారో అప్పుడు ఒంటికి పట్టింది. చుట్టూ అన్ని దిక్కుల నుంచీ, నేలకి దగ్గరగా, సమానంగా వెలుగు పడితే నాణెం ఎటు తిరిగినా ఒకేలా కనపడుతుంది. తిరుగుడు సమస్యలో సగాన్ని గణితం కాదు, దీపమే తీరుస్తుంది. అలంకరణకి వాడే ఎల్‌ఈడీ దండని ఒక స్టీలు గిన్నె లోపలి అంచున అతికించి, గిన్నె అడుగున కెమెరా పట్టేంత కన్నం చేయించి, నాణెం మీద బోర్లించాను. మా అమ్మ గిన్నె పోయిందని కోప్పడింది కానీ, ఆ ఒక్క గిన్నెతో నేర్పడం మళ్ళీ మొదలుపెడితే రెండు వారాల తప్పులు ఒక్క పూటలో కరిగిపోయాయి.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను. ప్రోగ్రాం 'తెలియదు' అనగలగాలి. బాగా అరిగిపోయిన బిళ్ళని ఊహించి చెప్పడం కన్నా పక్కన పెట్టడం మేలు. టీకొట్టులో ఒక తప్పుకి ఒక రూపాయి పోతుంది, రెండో తప్పుకి యంత్రం మీద నమ్మకం పోతుంది.

ఇక పది రూపాయల బిళ్ళ. దాని కోసం వేరే కూర్చోవాల్సి వచ్చింది. మా వైపు దుకాణాల్లో చెల్లదు చెల్లదని జనం తిప్పికొడుతుంటే, రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇచ్చింది. అప్పటికి విడుదలైనవి 14 రకాల బొమ్మలు, అన్నీ చెల్లుతాయి అని. జనం అనుమానానికి మూలం కూడా చూపే. రూపాయి గుర్తున్నదీ లేనిదీ, పైన గీతలు పదున్నదీ పదిహేనున్నదీ పక్కపక్కన పెట్టి, ఏదో ఒకటి దొంగదై ఉండాలనుకున్నారు. మనిషి కన్ను తేడాని పట్టుకుంది, ఆ తేడా లెక్కలోకి రాదన్నది మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. నా ప్రోగ్రాంకి నేను చెప్పాను. పద్నాలుగు మొహాలకీ ఒకే పేరు.

కిందటి దసరాకి గిన్నె తీసుకుని ఊరెళ్ళాను. కొట్టులో బల్ల మీద బోర్లించి, ఫోన్ మీద పెట్టి, బిళ్ళ కింద పెట్టమన్నాను. బాబాయి గల్లాలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. "రెండు రూపాయలు" అంది ఫోన్. ఇంకోటి. "ఒక రూపాయి." ఆ రెండిటినీ తీసి చేతిలో పట్టుకుని, అంచులు కలిపి తడిమి, మళ్ళీ ఒక్కోటే పెట్టి అడిగించుకున్నాడు. రెండు, ఒకటి. మార్చి పెట్టాడు. ఒకటి, రెండు. టీ తాగుతున్నవాళ్ళు కూడా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరి జేబులోవి వాళ్ళు తీసి పెడుతున్నారు.

గుంపులోంచి ఒకాయన చిన్న బిళ్ళ ఒకటి బాబాయి చేతిలో పెట్టాడు. 2019 వరసలో వచ్చిన రూపాయి. అహ్మదాబాదు డిజైన్ సంస్థ వాళ్ళు చూపులేనివాళ్ళని మనసులో పెట్టుకుని రూపొందించిన నాణేలవి. విలువ పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది. కొలత కూడా రూపాయికి 20 మిల్లీమీటర్లు, రెండుకి 23, అయిదుకి 25, పదికి 27. ఇరవై రూపాయల బిళ్ళకి పన్నెండు మూలలు. బాబాయి దాన్ని గిన్నె వైపు తీసుకెళ్ళబోయి, మధ్యలో ఆగి, బొటనవేలితో అంచు చుట్టూ ఒక్కసారి తడిమాడు. అరచేతిలో ఎగరేశాడు.

"ఇది దాన్ని అడగక్కర్లేదురా, రూపాయి" అని టక్కున డబ్బాలో పడేశాడు.